రాయితీ టైల్స్‌కు కాదు, ఇంకిన నీటికి ఇవ్వాలి

నెల్లూరు, ఒంగోలులో ఏ అపార్టుమెంటు ముందు చూసినా, ఏ కల్యాణ మండపం పార్కింగు చూసినా ఇంటర్‌లాకింగ్ టైల్సే. మధ్యలో సందులున్నాయి కదా, నీళ్లు ఇంకుతాయని చాలామంది నమ్మకం. ఇంకవు. కింద క్రషర్ డస్టు (రాతి పొడి) పరిచి రోలరు తొక్కించి, సందుల్లోనూ ఆ పొడే కూరుతున్నారు. వానొస్తే అది సిమెంటు గచ్చుతో సమానం. నీరు ఇంకే పేవింగ్‌కు ప్రభుత్వం ప్రోత్సాహకం ఇవ్వాల్సిందే. కానీ టైల్స్ వేశారా లేదా అని మాత్రమే చూసి ఇస్తే, ఆ డబ్బంతా ఈ గచ్చులకే పోతుంది.

నిజంగా ఇంకాలంటే పని అడుగు నుంచే వేరు. అడుగున 20 సెంటీమీటర్ల మందాన 40 ఎం.ఎం. కంకర, దాని మీద 10 సెంటీమీటర్లు 20 ఎం.ఎం. కంకర, ఆపైన 5 సెంటీమీటర్లు సన్న రాతి చిప్స్, చివర 80 ఎం.ఎం. మందం బ్లాకులు, అంటే టైల్స్. సందుల్లోనూ చిప్సే. ఇసుక, డస్టు ఎక్కడా పడకూడదు, కంకర కడిగి వాడాలి. కంకరలో 40 శాతం దాకా ఖాళీ ఉంటుంది కాబట్టి 30 సెంటీమీటర్ల కంకర 120 మిల్లీమీటర్ల దాకా వానను పట్టుకుంటుంది. వంద చదరపు మీటర్లకు 12,000 లీటర్లన్నమాట. డాబా మీది నీళ్లు కూడా అక్కడికే మళ్లిస్తే మాత్రం ఈ లెక్క చాలదు.

నేలను బట్టి డిజైను మారాలి. తీరం వెంట ఇసుక నేలల్లో నీరు ఇట్టే దిగుతుంది. అయితే కంకర అడుగుకూ వానాకాలపు భూగర్భ నీటి మట్టానికీ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. నల్లరేగడిలో నీరు దిగదు, పైగా మట్టి ఉబ్బుతుంది. అక్కడ కంకరలో రంధ్రాల పైపు వేసి నీటిని రేగడి పొర దాటేలా లోతుగా తవ్విన ఇంకుడు గుంతకు తీసుకెళ్లాలి, ఇంటి పునాదికి మూడు మీటర్ల ఎడం వదలాలి. రెండు నేలలకూ ఒకే నమూనా జీవోలో రాస్తే సగం చోట్ల విఫలమవుతుంది.

జర్మనీలోని బెర్లిన్‌లో 2000 నుంచి వాననీటికి విడిగా ఫీజు ఉంది. కాలువలోకి నీరు వదిలే గచ్చు ఎంతుంటే అంత కట్టాలి, ఇంకేలా మారిస్తే ఫీజు తగ్గుతుంది. ఏటా మిగిలే డబ్బు కాబట్టి యజమాని దాన్ని బాగా చూసుకుంటాడు. మన దగ్గరా ఒక్కసారి ఇచ్చే సబ్సిడీ కంటే ఆస్తి పన్నులో ఏటా ఇచ్చే రాయితీ మేలు. బ్లాకులు పరిచేముందు కంకర పొరల ఫోటోలు చూసి కొంత, మిగతాది ఏటా పరీక్ష చేసి ఇవ్వాలి.

పరీక్ష పెద్ద ఖర్చు కాదు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రింగును టైల్స్ మీద పెట్టి, అంచుకు పుట్టీ పూసి, లోపల తడిపి, 18 లీటర్లు పోసి టైము చూడటమే. గంట దాటినా ఇంకకపోతే పూడిపోయిందని అర్థం. వార్డు సచివాలయం ప్లానింగ్ కార్యదర్శి సెప్టెంబరులో చేస్తే సరిపోతుంది. ఎందుకంటే మన రెండు జిల్లాలకు భారీ వానలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. 2015, 2021 నవంబరు వరదల్లో నెల్లూరు ఏమైందో అందరికీ తెలుసు.

పూడిపోవడానికి ఎక్కువగా కారణం మన అలవాట్లే. టైల్స్ మీదే సిమెంటు కలుపుతారు, ఇసుక లోడు దింపుతారు, మొక్కల పాదుల్లోని ఎర్రమట్టి వానకు కొట్టుకొస్తుంది. సందుల్లో పైన రెండు మూడు సెంటీమీటర్ల చిప్స్ తవ్వి తీసి కొత్తవి నింపితే మళ్లీ ఇంకుతుంది. ఆ పని చేయించి, తిరిగి పరీక్షలో నెగ్గితేనే ఆ ఏడాది రాయితీ అని నిబంధన పెట్టాలి.