స్టేజీ ఎక్కని పిల్లకు పొగరా?

డిసెంబరులో మన సంఘం తిరుపతిలో పెట్టిన ఆత్మీయ సమ్మేళనానికి వచ్చినవాళ్లకు స్కాలర్‌షిప్పుల దగ్గర జరిగింది గుర్తుండే ఉంటుంది. యాంకర్ ఎన్నిసార్లు పిలిచినా డిగ్రీ చదివే ఆ అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు. "సిగ్గుపడుతోందండీ, గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నారు. హాలంతా కొట్టింది. అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ లేచి, నేరుగా తలుపు వైపు నడిచి వెళ్లిపోయింది. భోజనాల దగ్గర కార్యవర్గంలో ఒకాయన, "ఇంత పొగరున్న పిల్లకు డబ్బెందుకు, తర్వాతి పేరు చూడండి" అన్నారు. వాట్సాప్ గ్రూపులో ఆ మాటకు లైకులు కూడా పడ్డాయి. నాకు గుచ్చుకున్నది అదే.

ఆ అమ్మాయికి ఏదో జబ్బుందని నేననను. ఒక్కపూట చూసి డాక్టర్లే చెప్పలేరు, నేనెంత? పొగరని తేల్చడానికి మాత్రం మనకు నిమిషం పట్టలేదు.

అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్‌ఎం-5 ఆందోళన, భయం నిండిన వ్యక్తిత్వ రుగ్మతలు (అంటే మనిషి తీరులోనే పాతుకుపోయి బతుకును ఇబ్బంది పెట్టేవి) మూడింటిని ఒక గుంపుగా చూపిస్తుంది. నవ్వుతారేమో, కాదంటారేమో అని మనుషులనే తప్పించుకు తిరగడం ఒకటి. చిన్న నిర్ణయానికీ ఇంకొకరి మీద ఆధారపడి, వాళ్లు వదిలేస్తారేమోనని హడలిపోవడం ఇంకొకటి. అంతా పద్ధతిగా, తప్పు లేకుండా జరగాలని పట్టుబట్టి అసలు పనే ముగించలేకపోవడం మూడోది. (దీన్ని ఓసీడీతో కలిపేస్తుంటారు. ఓసీడీ అనే జబ్బు ఉన్నవాళ్లను వద్దన్నా మళ్లీ మళ్లీ వచ్చే ఆలోచనలే వేధిస్తాయి, వీళ్లకేమో తమ పద్ధతే సరైనదనిపిస్తుంది.) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11 ఈ విడివిడి పేర్లు పక్కనపెట్టి, ముందు తీవ్రత ఎంతో చూడమంటోంది.

పుస్తకం సంగతి అలా ఉంచి, మా చిన్నాయన సంగతి చెబుతాను. చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసేవాడు. ఆయన చిట్టాలో ఒక్క కొట్టివేత కనిపించేది కాదు. గుమాస్తాలందరి మీద పెద్దగా పెడతానని యజమాని అంటే, రైతులతో మాట్లాడాల్సి వస్తుందని వద్దన్నాడు. ఇంటికి చుట్టాలొస్తే పెరటి దారిన జారుకుని, వాళ్లు పోయినాకే వచ్చేవాడు. అవ్వ ఆయన కంచం మీద మూతపెట్టి వంటింట్లో ఉంచేది. పెళ్లిచూపులకని బయల్దేరి బస్టాండు నుంచే వెనక్కొచ్చాడు. పోనీ మనుషులంటే గిట్టదా? చుట్టాలు వెళ్లాక ఎవరేం మాట్లాడారో, ఎవరి పిల్లలు ఎంత ఎదిగారో అవ్వచేత పూసగుచ్చినట్టు చెప్పించుకునేవాడు. ఒంటరిగా ఉంటేనే హాయి అనుకునేవాళ్లు వేరు. నలుగురిలో ఉండాలని ఉండీ దగ్గరికి రాలేకపోవడమే ఇక్కడ గుర్తుపట్టాల్సింది.

ఏటా మే నెలలో, భక్తులు రోజుకో వేషం కట్టి తిట్లు తిట్టడం ఆనవాయితీ అయిన గంగమ్మ జాతరకు మాత్రం తిరుపతిలో మా ఇంటికి దిగేవాడు. తోటి వేషం రోజున ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపాకు కట్టుకుని వీధిలోకొచ్చాడంటే ఎదురైనవాళ్లందరికీ తిట్ల దండకమే! "వీడేనా నా కొడుకు" అని అవ్వ మురిసిపోయేది. మొహం కడుక్కున్నాక మళ్లీ పెరటి దారే.

ఇది చెబితే "అంతమందిలో కలుపుకుపోయారు చూడండి, అదీ మన ఊళ్ల గొప్ప" అంటారు మిత్రులు. నిజమే, ఆయన్ను ఎవరూ ఆడిపోసుకోలేదు. డాక్టరు దగ్గరికీ తీసుకుపోలేదు. రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ దగ్గర ఎవరైనా చూస్తే అత్తల పెళ్లిళ్లు ఆగిపోతాయని భయం. ఆయన బతుకంతా పెరటి దారిలోనే గడిచింది.

అలాగని సిగ్గరులందర్నీ ఆసుపత్రికి తోలమనడం లేదు. కొత్తవాళ్ల ముందు నోరు పెగలకపోవడం జబ్బు కాదు. అమ్మానాన్నల్ని అడిగి పెళ్లికి ఒప్పుకోవడమూ కాదు. ఆ సమాజంలో మామూలు అనుకున్నదాన్ని మించితేనే లెక్కలోకి తీసుకోమని డీఎస్‌ఎం కూడా చెబుతుంది. కుర్రతనం నుంచీ ఏళ్ల తరబడి చదువు, ఉద్యోగం, స్నేహం అన్నిట్లోనూ మనిషి వెనక్కి జరుగుతూ పోతుంటే మాత్రం సలహా అడగాలి. సీబీటీ లాంటి మాటల చికిత్సలున్నాయి, నెలలు పడతాయి. మందులు ఎక్కువగా తోడుగా వచ్చే డిప్రెషన్, ఆందోళనలకు ఇస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

ఇక కార్యవర్గానికి నా విన్నపం. చెక్కు స్టేజీ మీదే అందుకోవాలన్న నియమం తీసేయండి. డబ్బు ఖాతాలో వేసి, స్టేజీ సంగతి పిల్లల ఇష్టానికి వదిలేయండి. దాతలకు ఫొటో కావాలంటారు. దాతల్లో నేనూ ఒకణ్ణి, నాకు అక్కర్లేదు. ఆ అమ్మాయి పేరు జాబితాలో ఉందో లేదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఉంటే ఫీజు గడువులోపు పంపండి. తీసేసి ఉంటే ఆ మొత్తం నేనిస్తాను. ఖాతా నంబరు కోసం మాత్రం ఆ పిల్లకు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి.