ఒకే ఊరు, రెండు రాష్ట్రాలు: మోడ్లారాయిట్‌లో గోడ పోయింది, గీత ఉండిపోయింది

జర్మనీ మ్యాప్‌లో మోడ్లారాయిట్ కనిపించాలంటే బాగా జూమ్ చేయాలి. జనాభా అటూ ఇటూగా 50. ఊరి మధ్యలోంచి టాన్‌బాఖ్ అనే సన్నటి వాగు పారుతుంది, ఒక్క గెంతులో దాటేయొచ్చు. వాగుకు దక్షిణాన ఉన్న ఇళ్లు బవేరియా రాష్ట్రానివి, ఉత్తరాన ఉన్నవి థురింగియావి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఈ వాగు వెంటే కాంక్రీటు గోడ లేచింది. అప్పట్లో అమెరికా సైనికులు ఈ ఊరికి ‘లిటిల్ బెర్లిన్’ అని పేరు పెడితే, పేపర్లూ టీవీలూ దాన్నే పట్టుకున్నాయి.

ఆ పేరుతో చిక్కేమిటంటే, ఊరి కథను తలకిందులు చేస్తుంది. బెర్లిన్‌ను రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన దేశాలు పంచుకున్నాయి. మోడ్లారాయిట్‌లో సరిహద్దు అంతకు చాలా ముందు నుంచే ఉంది. బెర్లిన్ ఇప్పుడు మళ్లీ ఒకే నగరం, ఒకే రాష్ట్రం. మోడ్లారాయిట్ ఇవాళ్టికీ రెండు ముక్కలే. తరతరాలుగా ఎవరికీ అడ్డు రాని గీత గోడగా ఎలా మారింది? గోడను కూల్చిన జనం గీతను మాత్రం ఎందుకు వదిలేశారు? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే తప్ప ఈ ఊరు అర్థం కాదు.

1810లో నెపోలియన్ తన చేతిలో ఉన్న బైరాయిట్ ప్రాంతాన్ని డబ్బు పుచ్చుకుని బవేరియా రాజ్యానికి ఇచ్చేశాడు. వాగుకు దక్షిణాన ఉన్న సగం ఊరు అలా బవేరియాలోకి వెళ్లింది. ఉత్తరపు సగం రాయిస్ అనే చిన్న సంస్థానం కింద ఉండేది. రెండు ప్రభుత్వాలూ కలిసి వాగు ఒడ్డున హద్దు రాళ్లు పాతాయి. ఒక వైపు బవేరియా రాజ్యం అని చెప్పే ‘కేబీ’, రెండో వైపు రాయిస్ సంస్థానం అని చెప్పే ‘ఎఫ్ఆర్’ అక్షరాలు చెక్కారు. తర్వాత రాజులు పోయారు, 1920లో రాయిస్ థురింగియాలో కలిసింది. రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

అంతకాలం ఆ రాళ్ల వల్ల ఊరికి జరిగిన నష్టం ఏమీ లేదు. పన్ను ఎవరి ప్రభుత్వానికి వారు కట్టుకునేవారు. బడి, పబ్బు థురింగియా వైపు ఉండేవి, కాబట్టి బవేరియా పిల్లలు వాగు దాటి చదువుకునేవారు, వాళ్ల నాన్నలు వాగు దాటి బీరు తాగేవారు. చర్చికి మాత్రం రెండు వైపుల వాళ్లూ బవేరియాలో ఉన్న పక్క ఊరు టోపెన్‌కు పోయేవారు. పరిపాలన రెండుగా, బతుకు ఒకటిగా సాగిపోయింది. వాగు ఎవరిదన్న గొడవకు అక్కడ ఎవరికీ తీరిక ఉండి ఉండదు.

ఊరి తలరాత 1944 సెప్టెంబర్ 12న లండన్‌లో మారింది. జర్మనీ ఓడిపోయాక ఏ దేశం ఏ ప్రాంతాన్ని ఆక్రమించాలో మిత్రరాజ్యాలు అక్కడ ఒప్పందం రాసుకున్నాయి. కొత్తగా గీతలు గీయడం ఎందుకని, ఉన్న పాత రాష్ట్రాల సరిహద్దులనే చాలాచోట్ల వాడుకున్నాయి. థురింగియా సోవియట్లకు, బవేరియా అమెరికన్లకు అనుకున్నారు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లకు మోడ్లారాయిట్ అనే ఊరుందని తెలిసే అవకాశమే లేదు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సేనలు థురింగియాలోకి వచ్చినా, ఒప్పందం ప్రకారం జూలైలో సోవియట్లకు అప్పగించి వెళ్లిపోయాయి. 1949లో సోవియట్ల వైపు తూర్పు జర్మనీ, అమెరికన్ల వైపు పశ్చిమ జర్మనీ ఏర్పడే సరికి, ఎప్పుడో రెండు చిన్న ప్రభుత్వాలు పాతుకున్న రాళ్లు రెండు ప్రపంచాలకు హద్దులయ్యాయి.

అయినా గోడ ఒక్కరోజులో రాలేదు. దాని వరస చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఎందుకంటే ప్రతి మెట్టూ ఒక ప్రభుత్వ ఉత్తర్వే. మొదట్లో అటూ ఇటూ తిరగడానికి పాస్ ఉంటే సరిపోయేది. 1952 మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు వెంట 10 మీటర్ల వెడల్పున నేలను చదును చేసి కంట్రోల్ స్ట్రిప్ వేసింది, 500 మీటర్ల వరకు రక్షణ పట్టీ అంది, 5 కిలోమీటర్ల వరకు నిషేధిత ప్రాంతం అంది. ఆ వెంటనే ‘నమ్మకం లేని’ కుటుంబాలను సరిహద్దు ఊళ్ల నుంచి బలవంతంగా తరలించారు. ఎనిమిది వేల మందికి పైగా ఇల్లూ పొలం వదిలి లోపలి జిల్లాలకు పోవాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్‌ను అధికారుల కాగితాల్లో ‘చీడపురుగులు’ అని రాసుకున్నారు. 1961లో గోడ బెర్లిన్‌లో లేచిన కొద్ది వారాలకు రెండో విడత తరలింపు జరిగింది. దానికి ఒక అడవి పువ్వు పేరు పెట్టారు!

మోడ్లారాయిట్‌లో ముందు చెక్క పలకల కంచె వచ్చింది, తర్వాత ముళ్ల తీగ. 1966లో 700 మీటర్ల పొడవు, మనిషి ఎగిరినా అందని ఎత్తున కాంక్రీటు గోడ కట్టారు. రాత్రంతా ఫ్లడ్ లైట్లు వెలిగేవి. తూర్పు వైపు వాళ్ల గుర్తింపు కార్డుల్లో ప్రత్యేకమైన ముద్ర ఉండాలి, పొరుగూరి చుట్టం రావాలన్నా పర్మిట్ కావాలి. గోడకు అవతల ఉన్న పక్కింటాయన కనిపిస్తే పలకరించకూడదు, చెయ్యి కూడా ఊపకూడదు. పశ్చిమం వైపు ఆ నిషేధం లేదు. కాబట్టి ఇటువైపు వాళ్లు చెయ్యి ఊపేవారు, అటువైపు వాళ్లు తల దించుకుని పోయేవారు.

బెర్లిన్ పోలిక ఇక్కడ పూర్తిగా తేలిపోతుంది. లక్షల మంది ఉన్న నగరంలో గోడ ఎక్కువ మందిని తెలియని వాళ్ల నుంచి వేరు చేస్తుంది. 50 మంది ఊళ్లో తెలియని వాళ్లంటూ ఉండరు. అవతలి దొడ్లో ఎవరి ఆవు ఈనిందో, ఎవరింట్లో పెళ్లో, ఎవరు మంచాన పడ్డారో అన్నీ తెలుస్తూనే ఉంటాయి, కానీ తెలిసినట్టు నటించడానికి వీల్లేదు.

1973లో జరిగింది మరీ విడ్డూరం. రెండు జర్మనీల మధ్య కుదిరిన ఒప్పందం పుణ్యమా అని, సరిహద్దు జిల్లాల్లో ఉండే పశ్చిమ జర్మన్లు అవతలి జిల్లాలకు పగటి పూట వెళ్లి రావడానికి వీలు కలిగింది. అంటే బవేరియా వైపు మోడ్లారాయిట్ మనిషి అనుమతి తీసుకుని, చుట్టూ తిరిగి, చెక్‌పోస్టు దాటి తూర్పు జర్మనీలోని పట్టణాలు చూసి రావచ్చు. నిషేధిత ప్రాంతంలోకి మాత్రం రాకూడదు. అతని సొంత ఊరి మిగతా సగం ఉన్నది సరిగ్గా అక్కడే. ఇంటి అరుగు మీద నుంచి కనిపించే ఇంటికి తప్ప ఎక్కడికైనా వెళ్లొచ్చన్న మాట. అదే ఏడాది మే 25న ఒక యువకుడు తూర్పు వైపు నుంచి నిచ్చెన వేసుకుని ఇక్కడ గోడ దాటి బయటపడ్డాడు.

పశ్చిమం వైపు సగానికి స్వేచ్ఛ ఉంది, కానీ ఆ స్వేచ్ఛకూ దారి ముగిసేచోటే ఇల్లు. రోడ్డు గోడ దగ్గర ఆగిపోయేది. సరిహద్దు జిల్లాలకు పశ్చిమ జర్మనీ ప్రత్యేక సబ్సిడీలు ఇచ్చింది. చూడ్డానికి బస్సుల్లో జనం వచ్చేవారు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చాడు. కెనెడీ బెర్లిన్‌లో నేనూ బెర్లినర్‌నే అన్నట్టుగా, ఈయన నేనూ మోడ్లారాయిట్ వాణ్నే అన్నాడు. ఫొటోలు బాగా వచ్చి ఉంటాయి. గోడ ఇంకో ఆరేళ్లు అలాగే ఉంది.

1989 అక్టోబర్ 1న ప్రేగ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీలో తలదాచుకున్న తూర్పు జర్మన్లు రైళ్లలో దిగింది పక్కనే ఉన్న బవేరియా పట్టణం హోఫ్ స్టేషన్‌లోనే. నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. మోడ్లారాయిట్‌లో ఇంకో నెల పట్టింది. డిసెంబర్ 9న గోడకు గండి పెట్టి, నడిచి వెళ్లేవాళ్ల కోసం దారి తెరిచారు. సరిగ్గా అదే రోజు హోఫ్‌లో రెండు వైపుల ప్రకృతి ప్రేమికులు సమావేశమై, మనుషుల్ని రానివ్వకపోవడం వల్ల అడవిగా మారిన సరిహద్దు పట్టీని అలాగే కాపాడాలని తీర్మానించారు. దాదాపు 1,400 కిలోమీటర్ల ఆ పట్టీని ఇప్పుడు గ్రీన్ బెల్ట్ అంటున్నారు. 1990 జూన్ 17న ఎక్స్‌కవేటర్ తెచ్చి మోడ్లారాయిట్ గోడను కూల్చారు, గుర్తుగా కొంత ముక్క ఉంచారు.

ఇక రెండో ప్రశ్న. 1990 అక్టోబర్‌లో దేశం ఒకటైంది, ఊరు కాలేదు. దక్షిణపు సగం టోపెన్ పంచాయతీలో, హోఫ్ జిల్లాలో ఉంది. ఉత్తరపు సగం గెఫెల్ పట్టణం కింద, సాలే-ఓర్లా జిల్లాలో ఉంది. ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్‌లు, రెండు ఫోన్ కోడ్‌లు, కార్లకు రెండు రకాల నంబర్ ప్లేట్లు. జనవరి 6న బవేరియా వైపు సెలవు, వాగు అవతల పని దినం. సెప్టెంబర్ 20న బాలల దినోత్సవానికి థురింగియా వైపు సెలవు, ఇవతల బడి ఉంటుంది. 2020లో కొవిడ్ ఆంక్షలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం పెట్టుకోవడంతో వాగుకు అటొక రూలు, ఇటొక రూలు నడిచాయి.

చట్టం అడ్డొచ్చిందా అంటే అదీ లేదు. జర్మనీ రాజ్యాంగంలోని 29వ అధికరణం ప్రకారం 50 వేల లోపు జనాభా ఉన్న ప్రాంతాన్ని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చాలంటే రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే చాలు. రెఫరెండం తతంగం అక్కర్లేదు. ఇక్కడ జనం వేలల్లో కాదు, పదుల్లో ఉన్నారు. అంత సులువైన పని మూడున్నర దశాబ్దాలుగా జరగలేదంటే, దాని కోసం ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదనే అనుకోవాలి.

టూరిస్టులకు ఇది వింతగా, కొందరికి బాధగా కూడా అనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఇందులో బాధపడాల్సింది లేదు. బడికీ చర్చికీ వెళ్లడానికి అడ్డు రానంత కాలం ఏ గీతైనా రెవెన్యూ రికార్డుల్లో ఒక నంబర్ మాత్రమే. ఊరికి దెబ్బ తగిలింది గీత వల్ల కాదు, దాన్ని దాటకూడదని 1952లో ఇచ్చిన ఉత్తర్వు వల్ల. ఆ ఉత్తర్వు పోయాక గీతను చెరిపితే కొత్తగా ఒరిగేదేమిటి? రేషన్ కార్డు మార్చుకున్నట్టు రెండు డజన్ల మంది రాష్ట్రం మార్చుకోవాలి, అంతే.

నాకు ఇబ్బందిగా అనిపించేది వేరే ఉంది. గోడ ముక్క, వాచ్ టవర్, ముళ్ల కంచె ఉన్నచోట జర్మన్-జర్మన్ మ్యూజియం ఏర్పడింది. ఏటా బడి పిల్లలు బస్సుల్లో వస్తారు, 2015లో ‘టాన్‌బాఖ్’ అనే టీవీ సీరియల్ ఈ ఊరి చరిత్ర స్ఫూర్తితోనే వచ్చింది. మంచిదే, ఇలాంటివి చూపించాలి కూడా. కానీ 37 ఏళ్ల కంచెలు, గోడలు మిగతా వందల ఏళ్ల సేద్యాన్ని మింగేశాయి. తూర్పు వైపు పొలాలను 1960 నాటికి సహకార క్షేత్రాల్లో కలిపేశారని, పశ్చిమం వైపు చిన్న రైతులు మార్కెట్ పోటీకి తట్టుకోలేక ఒక్కొక్కరుగా మానుకున్నారని, రెండు వ్యవస్థల కిందా జరిగింది రైతు తగ్గిపోవడమేనని ఎవరూ ఆగి చెప్పరు. గోడ ఫొటో తీసుకున్నంత సులువుగా దాన్ని ఫొటో తీయలేం మరి.

గోడ పోయాక సరిహద్దు సబ్సిడీలు కూడా పోయాయి. హోఫ్ చుట్టుపక్కల బట్టల మిల్లులు, పింగాణీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. థురింగియా వైపు యువత పెద్ద జీతాల కోసం పశ్చిమానికి వెళ్లిపోయింది. 2024 సెప్టెంబర్‌లో థురింగియా అసెంబ్లీ ఎన్నికల్లో తీవ్ర రైట్‌వింగ్ పార్టీ ఏఎఫ్‌డీ 32.8 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచింది. యుద్ధం తర్వాత ఒక జర్మన్ రాష్ట్రంలో అలాంటి పార్టీ మొదటి స్థానానికి రావడం అదే ప్రథమం. ఫలితం రాగానే వ్యాఖ్యాతలు మళ్లీ ‘తలలోని గోడ’ అంటూ, అంటే తూర్పు పశ్చిమాల మనసుల్లో ఇంకా మిగిలిన విభజన అంటూ మొదలుపెట్టారు. ఆ మాట వాడటం తేలిక, ఎందుకంటే దాంతో తప్పంతా ఓటరు మనస్తత్వం మీదికి పోతుంది. జీతాల్లో తేడా, ఖాళీ అయిన ఇళ్లు, దూరమైన డాక్టరు, రద్దయిన బస్సు గురించి మాట్లాడాల్సిన పని తప్పుతుంది. టోపెన్‌లోనూ గెఫెల్‌లోనూ మేయర్ల ముందు ఎటూ ఉండే ఫైళ్లు ఇలాంటివే, వాటి మీద సంతకం పెట్టడానికి ఏ మ్యూజియం సాయమూ అక్కర్లేదు, కావల్సింది బడ్జెట్.