అనుమతి లేని పర్యావరణ పరిరక్షణ ఇక చాలు

పర్యావరణానికి ఇవాళ ఉన్న అతి పెద్ద ముప్పు ఏమిటని ఎవరైనా అడిగితే బొగ్గు అనో పెట్రోలు అనో నేను చెప్పను. ఏమీ కొనకుండా పర్యావరణాన్ని కాపాడేస్తున్న మనుషులు. అవును, వాళ్ళే. వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ ఉండదు, యాప్ ఉండదు, వెదురు టూత్‌బ్రష్ కూడా ఉండదు. ఎప్పటిదో పాత ఫ్యాన్‌కి కెపాసిటర్ మార్పించుకుంటూ, బజారుకి నడిచి వెళ్తూ, ఉన్న రెండు గదుల్లోనే సర్దుకుంటూ గుట్టుచప్పుడు కాకుండా బతికేస్తుంటారు. ఎందుకిలా అని అడిగితే "అలవాటండీ" అంటారు. అలవాటట! మనం ఇన్ని వెబినార్లు విని, ఇంత డబ్బు పోసి, ఇన్ని పోస్టులు పెట్టి సాధిస్తున్నదాన్ని ఒక్క ముక్కలో అలవాటు అనేస్తే ఇక ఉద్యమం ఏమైపోవాలి?

మా ఎదురింటి పెద్దాయన్నే చూడండి. ఆయనకొక గుడ్డసంచి ఉంది. దాని ఒక పిడి మాత్రమే సంచితో పాటు పుట్టింది, రెండోది ఏదో పాత ప్యాంటు నడుంపట్టీ. అడుగున చిరిగిన చోట వేరే రంగు గుడ్డతో మాసిక, ఆ మాసిక మీద ఇంకో మాసిక. దాని మీద ఒక్క నినాదం లేదు, ఆకు బొమ్మ లేదు. ఇలాంటి సంచి పట్టుకుని వీధిలో నడిస్తే చూసేవాళ్ళకి సందేశం ఎలా అందుతుంది? మా ఇంట్లో అలా కాదు. వెళ్ళిన ప్రతి సదస్సులోనూ భూమిని కాపాడమంటూ ఒక నూలు సంచి చేతిలో పెట్టారు. అన్నీ తలుపు వెనక తగిలిస్తే ఆ బరువుకి మేకు ఊడి గచ్చు మీద పడింది.

డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో లెక్క కట్టింది. పల్చటి ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, అన్ని రకాల పర్యావరణ నష్టాల్నీ చూసినప్పుడు, మామూలు నూలు సంచిని 7,100 సార్లు, ఆర్గానిక్ నూలు సంచినైతే 20,000 సార్లు వాడితేగానీ గిట్టుబాటు కాదట. ఒక్క వాతావరణ మార్పు సంగతే చూస్తే మామూలు సంచికి 52 సార్లు, ఆర్గానిక్ సంచికి 149 సార్లు చాలు. కానీ మనం చిన్న లక్ష్యాలు పెట్టుకునే మనుషులం కాదు కదా. ఇరవై వేల సార్లంటే రోజుకొకసారి చొప్పున 54 ఏళ్ళు దాటుతుంది, అదీ ఒక్క సంచికి. తలుపు వెనకున్నవన్నీ కలిపితే మా మునిమనవల దాకా వస్తుంది కాబట్టి వీలునామా రాయించే పనిలో ఉన్నాను.

ఇక స్థానిక ఆహారం. ఈ విషయంలో నేను చాలా పట్టుదల మనిషిని, స్థానిక ఆహారం కోసం ఎంత దూరమైనా వెళ్తాను. ఊరి బయట ఒక పొలం ఉంది, ప్రతి ఆదివారం పొద్దున్నే పెద్ద కారు తీసుకుని, దార్లో ట్రాఫిక్ ఉంటే ఏసీ వేసుకుని, రెండు కట్టల ఆకుకూర తెచ్చుకుంటాం. ఒకసారి పెద్దాయన గేటు దగ్గర ఆపి, "బాబూ, ఆ రెండు కట్టలకి ఎంత పెట్రోలు పోస్తున్నారు?" అన్నారు. "మాస్టారూ, దాన్ని ప్రయాణం అనకూడదండీ, నిబద్ధత అనాలి" అన్నాను. ఆయన కాసేపు నా కారు వైపు చూసి, "టైర్లో గాలి తక్కువైనట్టుంది" అని వెళ్ళిపోయారు. చూశారా, పెద్ద విషయాలు మాట్లాడదామంటే ఈయన స్థాయి ఇదీ.

119 దేశాల పొలాల సమాచారం పోగేసి 2018లో 'సైన్స్' పత్రికలో వేసిన ఒక అధ్యయనం ఉంది. దాని ప్రకారం ఆహారం వల్ల వచ్చే ఉద్గారాల్లో రవాణా వాటా మొత్తం మీద 6 శాతం దగ్గర్లోనే ఉంటుంది, గొడ్డు మాంసానికైతే ఒక్క శాతం కూడా ఉండదు. మిగతాదంతా అడవి కొట్టడం, పశువుల కడుపులోంచి వచ్చే మీథేన్, ఎరువులు, పేడ. అంటే విమానంలో వచ్చే సరుకుల్ని పక్కన పెడితే, ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామన్నదానికన్నా ఏం తింటున్నామన్నదే ముఖ్యమట. ఇలాంటి అధ్యయనాలు ప్రజల్లో లేనిపోని టెన్షన్ పెంచుతాయి. పైగా ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఇంకొకటి చెప్పింది, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయితే అందులో 60 శాతం ఇళ్ళలోనే పోయిందని. మా ఫ్రిజ్‌లో ఆకుకూర కట్టలు కూడా గురువారానికి నల్లబడతాయి, కానీ అవి స్థానికంగా నల్లబడతాయి. ఎదురింట్లో మిగలడమే ఉండదు, వండేదే కొలిచి వండుతారు. అంటే ఆయన దగ్గర కంపోస్టు డబ్బా లేదు! కంపోస్టు డబ్బా లేని మనిషికి పర్యావరణం గురించి మాట్లాడే అర్హత ఏముంటుంది?

మా ఇంటి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. మాది హరిత గృహం. దాన్ని కట్టడానికి ముందు అక్కడున్న పాత ఇల్లు, గోడలు గట్టిగానే ఉన్నా, పర్యావరణ హితం కోరి కూల్పించాం. సిమెంటు అనే పదార్థం గురించి కొందరు అదేపనిగా బెదిరిస్తుంటారు. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, కొలిమిని సోలార్ కరెంటుతో నడిపినా అది ఆగదు, ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం ఒక్క సిమెంటుదే అని. అయితే ఏం, మేం గోడలకి ఆకుపచ్చ రంగు వేయించాం కదా. కింద సైకిళ్ళ స్టాండు కూడా పెట్టించాం. హరిత భవనాలకి మార్కులు వేసే, అమెరికాలో పుట్టిన లీడ్ అనే రేటింగ్ పద్ధతిలో సైకిళ్ళు పెట్టుకునే చోటు చూపిస్తే దానికి పాయింటు వస్తుంది. ఆ చోటు అడుగుతారుగానీ సైకిల్ తొక్కమని బలవంతపెట్టరు, అంత మర్యాదస్తులు. మా స్టాండులో ప్రస్తుతం రెండో కారు కవర్ ఆరేస్తున్నాం.

పైన సోలార్ పలకలు పెట్టించాక కరెంటు బిల్లు బాగా తగ్గింది. ఆ మిగులు ఊరికే పోకూడదని ఇంకో రెండు గదులకి ఏసీలు పెట్టించాం. ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే దీన్ని కనిపెట్టాడు, యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసేకొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గడం పోయి పెరుగుతోందని. ఆయన దాన్ని సమస్య అనుకున్నాడు పాపం. మేం దాన్ని పాటిస్తున్నాం.

నగరాలకి వస్తే, ఇటలీలోని మిలాన్‌లో 2014లో రెండు టవర్లు పూర్తయ్యాయి, బాల్కనీల్లో వందల కొద్దీ చెట్లు, అంతెత్తున వాటి కొమ్మలు కత్తిరించడానికి తాళ్ళు కట్టుకుని దిగే తోటమాలులు. చెట్టంటే అలా ఉండాలి. నేల మీద చెట్టు ఎవరికి గొప్ప? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదటి రోజే పోతుంది. అబుధాబి పక్కన మస్దర్ అని ఒక నగరం 2006లో ప్రకటించారు, కర్బన ఉద్గారాలే ఉండవన్నారు, యాభై వేల మంది ఉంటారన్నారు, డ్రైవర్ లేని బుల్లి బండ్లు ఊరంతా తిరుగుతాయన్నారు. బండ్లు కొంచెం దూరం తిరిగి అక్కడే ఆగాయి, 2016కి పూర్తవ్వాల్సిన నగరం గడువు 2030కి జరిగింది. నన్నడిగితే అసలైన సుస్థిర నగరం అదే. పూర్తికాని ఊరికి ఉద్గారాలు తక్కువే ఉంటాయి.

కొంతమంది ఈ మొత్తం వ్యవహారంలో కంపెనీల పాత్ర గురించి అడుగుతారు. అది సంస్కారం కాదు. 2000ల మధ్యలో బీపీ (ఒకప్పటి బ్రిటిష్ పెట్రోలియం) అంతటి చమురు కంపెనీయే పెద్ద మనసు చేసుకుని, మీ కార్బన్ ఫుట్‌ప్రింట్, అంటే మీ వల్ల గాల్లో కలిసే కార్బన్, ఎంతో మీరే లెక్కేసుకోండి అని జనానికి కాలిక్యులేటర్ ఇచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు, వాళ్ళు తమ పిడికిలి ముందే విప్పేశారు. నేను ఆ మధ్య ఇలాంటి కాలిక్యులేటర్ ఒకటి పెద్దాయన వివరాలతో నింపి చూశాను. ఏడాదికి ఎన్ని విమాన ప్రయాణాలు, సున్నా. కార్లు, సున్నా. కొత్త ఎలక్ట్రానిక్ వస్తువులు, సున్నా. చివరికొచ్చేసరికి అది "దయచేసి సరైన వివరాలు ఇవ్వండి" అంది.

కాబట్టి మా కాలనీ హరిత కమిటీ, అంటే నేనూ ఇంకో ఇద్దరం, కొన్ని తీర్మానాలు చేశాం. ఇకపై వస్తువు బాగు చేయించుకోదలచినవారు అదే వస్తువుకి పర్యావరణ హిత నమూనా మార్కెట్లో లేదని రుజువు చూపాలి. నడిచి వెళ్ళేవారు దానికి తగిన బూట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం ధరించాలి, లేకపోతే ఆ నడక చెల్లదు. పాత సంచులకి మూడు నెలల గడువు ఇస్తున్నాం. ఈ తీర్మానాలు మంచి మందం కాగితం మీద రంగుల్లో వేయించి ఇంటింటికీ పంచాం. పెద్దాయన తన కాపీ వెనకవైపు తెల్లగా ఉందని పాలవాడి లెక్క రాసుకుంటున్నారు, దాని మీద నోటీసు ఇవ్వాలో వద్దో ఇంకా తేలలేదు.

ఈ ఏటి ఉత్తమ హరిత గృహం అవార్డు మా ఇంటికే వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మాత్రమే పెట్టుకోవాలి కాబట్టి పోటీ పెద్దగా లేదు. జ్ఞాపిక పూర్తిగా రీసైకిల్ చేసిన గాజుతో చేశారట, వేరే ఖండం నుంచి విమానంలో వస్తోంది, పగలకుండా థర్మోకోల్ మూడు పొరలు చుట్టించమని నేనే ఫోన్ చేసి చెప్పాను.