నాలుగు ఆదివారాల్లో కారు కొత్తదైపోదు

ఆ మెసేజ్ నిన్నటితో నాలుగోసారి వచ్చింది. మొదట మా బావ పంపాడు. తర్వాత ఆఫీసు గ్రూపులో, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో కనబడింది. నిన్న ఇంటర్ చదివే మా మేనల్లుడు "మావయ్యా, మనమూ చేద్దామా" అంటూ పంపాడు. పెద్దవాళ్ళు పంపితే చూసి ఊరుకున్నాను. వాడు అడిగాక ఊరుకోబుద్ధి కాలేదు.

అందులో ఉన్నది ఇది: నలభై వేలకి మూలపడ్డ పాత కారు కొనండి. మెకానిక్ షెడ్డు గడప తొక్కకుండా నాలుగు ఆదివారాల్లో ఇంటి దగ్గరే కొత్తదిలా చేసుకోండి. తుప్పుకి గరుకు కాగితం, లప్పం, స్ప్రే పెయింటు చాలు. జాకీతో లేపి ఇటుకలు పేర్చుకుని కిందకి దూరితే అడుగు పనంతా మీరే చేసుకోవచ్చు. మనకి మంచు పడదు కాబట్టి కూలెంట్ దండగ, నీళ్ళు పొయ్యండి. బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకుంటే సరి. మసకబారిన లైట్లకి టూత్‌పేస్టు, బ్యాటరీ చిలుముకి కూల్‌డ్రింకు. కాగితాలు తీరిగ్గా మార్చుకోవచ్చు. చివర్లో "పదిమందికీ పంపండి".

ఇది ఎవరు రాశారోగానీ సముద్రం పక్కన కారు పెట్టుకున్నవాళ్ళు మాత్రం కారు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. టూత్‌పేస్టుతో లైట్లు మెరుస్తాయి, నిజమే. పైపూత పోయిన ప్లాస్టిక్ కాబట్టి కొన్నాళ్ళకే మళ్ళీ పసుపెక్కుతాయి. బ్యాటరీ చిలుముకి కూల్‌డ్రింకు దేనికి? వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పొయ్యండి, పొంగి వదిలిపోతుంది. నెగటివ్ వైరు ముందు విప్పండి, బిగించేటప్పుడు చివర్లో బిగించండి. ఈ రెండింటివల్లా ఎవరి ప్రాణమూ పోదు.

ప్రాణం పోయేది లప్పం దగ్గర, ఇటుకల దగ్గర. మెసేజ్‌లో అవి రెండు వేరువేరు చిట్కాలు. మన విశాఖలో మాత్రం రెండూ ఒకటే.

2019లో నేను 2006 నాటి మారుతి 800 ఒకటి ముప్పై ఎనిమిది వేలకి కొన్నాను. దాని పాత ఇల్లు ఎంవీపీ కాలనీలో, బీచ్‌కి దగ్గర. రంగు అద్దంలా ఉంది. కంచరపాలెంలో మా సందులోకి తెచ్చి, ఒక ఆదివారం పొద్దున్నే ముందు ఎడమ చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్లు చూద్దామని కూర్చున్నాను. తలుపు కింద రన్నింగ్ బోర్డు దగ్గర జాకీ పెట్టి లేపి చక్రం విప్పాను. ఇంకాస్త ఎత్తుదామని జాకీ తిప్పుతుంటే కారు లేవడం లేదు. రంగు పెచ్చులు రాలాయి. తర్వాత తెల్లటి పొడి రాలింది. కరకరమని చప్పుడు. అప్పుడు తెలిసింది, కారు పైకి రావడం లేదు, జాకీ తలే ఇనుములోకి దిగిపోతోంది. ఊపిరి పీల్చేలోగా ఆ మూల ధబ్బున కూలింది.

చక్రం విప్పగానే దాన్ని కారు కింద పడుకోబెట్టి ఉంచాను. ఒక ముసలి మెకానిక్ ఎప్పుడో చెప్పిన మాట అది: "చక్రం పక్కన పడెయ్యకు బాబూ, కిందకి దొయ్యి." కారు ఆ టైరు మీద ఆగింది. నా చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది.

వణుకు తగ్గాక ఆ కన్నంలో చెయ్యి పెట్టి చూశాను. ఇనుము పొరలు పొరలుగా లేచి, నలిపితే ఉల్లిపొరల్లా విరిగింది. లోపల గుప్పెడు ఇసుక. కన్నం పూడ్చడానికి దినపత్రిక ఉండ చుట్టి కుక్కి, దానిమీద లప్పం పట్టించి, రంగు కొట్టారు. విప్పితే సగం నింపిన పదకేళి గళ్ళు కనబడ్డాయి. కారు బరువు మొయ్యాల్సిన చోట ఉన్నది ఆ కాగితం.

కాబట్టి తుప్పుకి గరుకు కాగితం, లప్పం చాలన్న మాట శుద్ధ అబద్ధం. పైపైన ఎర్రబడ్డ చోట గీకి, రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూసి, ప్రైమర్ వేసి రంగు కొట్టుకోండి, తప్పులేదు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దిగబడే చోట మాత్రం కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగు చెయ్యాల్సిందే. నాకు ఆ పని ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి చేశాడు. లప్పం తడి పీలుస్తుంది. ఉప్పుగాలి తడి దాని వెనక చేరితే తుప్పు ఆగదు, కళ్ళకి కనబడకుండా పెరుగుతుంది. మన ఊళ్ళో పాత కారు చూడ్డానికి వెళ్తే జేబులో చిన్న అయస్కాంతం వేసుకోండి. పల్చటి గుడ్డలో చుట్టి రన్నింగ్ బోర్డు మీద, తలుపుల అడుగున, పైకప్పు మీద ఆనించండి. అంటుకోని చోట లప్పం ఉన్నట్టే. పైకప్పు ఎందుకంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు పడి నలిగిన కార్లు ఈ ఊళ్ళో తక్కువేం కాదు.

ఇక ఇటుకలు. ఈ ముక్క చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇటుక గోడలో బరువు మోస్తుంది, ఎందుకంటే అక్కడ బరువు పరుచుకుని పడుతుంది. కారు అడుగున ఇనుప అంచు ఒక్కచోట నొక్కితే అది చెప్పాపెట్టకుండా పగులుతుంది. బోలు సిమెంటు ఇటుకైతే మరీ ఘోరం. చిన్న మారుతి 800 బరువే దాదాపు 650 కిలోలు. అది గుండెల మీద పడ్డాక పక్కవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎత్తేదాకా ఊపిరి ఉంటుందా? కారుతో ఇచ్చే జాకీ చక్రం మార్చడానికి, కింద పడుకోవడానికి కాదు. ఈ మాట కారు పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఇటుకలు పేర్చమని పదిమందికీ పంపేవాళ్ళకి ఆ పదిమందిలో ఎవరింటి పిల్లాడు కిందకి దూరతాడో తెలుసా? మా ఇంట్లో ఒకడు సిద్ధంగా ఉన్నాడు.

జాకీ స్టాండ్లు కొనండి, అంటే జాకీతో లేపాక కారు బరువు మోసే ఇనుప కాళ్ళు. గట్టి, సమమైన నేల చూసుకోండి. కొండవాలు సందులు మనకి చాలా ఉన్నాయి, అక్కడ వద్దే వద్దు. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో ఉంచి, నేల మీదున్న చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, స్టాండు మీద బరువు పూర్తిగా దిగాక కారుని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఇవేవీ కుదరకపోతే కిందకి దూరకండి. అంతే.

బ్రేక్ ఆయిల్ "తగ్గితే పోసుకుంటే సరి" అన్నారు. అది పెట్రోలులా కారు తాగేసేది కాదు. ప్యాడ్లు అరిగితే కాస్త దిగుతుంది, ఎక్కడో కారితే బాగా దిగుతుంది. పోసి మూతపెడితే ఆ కబురు దాచినట్టే. పైగా అది గాల్లో తడి లాగుతుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తడి పట్టింది 140కే మరగొచ్చు. సింహాచలం కొండ దిగుతూ బ్రేకు మీద కాలు తియ్యకపోతే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. లోపల ఆవిరి పడితే పెడల్ నేలకి తగులుతుంది, కారు ఆగదు. మూలపడ్డ కారు కొన్నవాళ్ళు మొదట చేయించాల్సింది బ్రేకులు, ఆయిల్ మొత్తం మార్పించి బ్రేకు గొట్టాల్లో గాలి తీయించడంతో సహా. రంగు తర్వాత.

కూలెంట్ మంచు కోసమే కాదు. లోపల తుప్పు పట్టకుండా చూసేదీ, మరిగే వేడి పెంచేదీ అదే. బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో పాచిలా సున్నం కడుతుంది, ఇంజను వేడెక్కి పాడవుతుంది, తర్వాత ఇంజను హెడ్డు పనికి పెట్టే ఖర్చులో ఎన్ని కూలెంట్ డబ్బాలు వస్తాయో లెక్కేసుకోండి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి.

కాగితాల విషయం. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలని చట్టంలోనే ఉంది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ బద్ధకానికి అమ్మినాయన కోర్టు మెట్లెక్కాలి. పదిహేనేళ్ళు దాటే కారైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు కూడా ధరలో కలుపుకోండి, 2022 ఏప్రిల్‌లో అది 600 నుంచి 5,000 అయింది.

ఒకటి ఒప్పుకోవాలి. మెకానిక్‌లు దోచుకుంటారన్న కోపం ఆ మెసేజ్ నిండా ఉంది, అది ఉత్తిదే అననుగాక అనను. మార్చని ప్లగ్గులకి నేనూ డబ్బు కట్టాను. ఇంటికొచ్చి విప్పితే అదే పాత మసి. ఆ రోజు నుంచే స్పానర్ పట్టాను. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, వైపర్లు, బ్యాటరీ, తలుపుల అడుగు చిల్లుల్లో మట్టి తీగతో తియ్యడం, బీచ్‌కి వెళ్ళొచ్చాక అడుగు మంచినీళ్ళతో కడగడం ఇంట్లోనే చేస్తాను. ఆ కారు ఇప్పటికీ నడుస్తోంది. మూలపడ్డ కారుని మన చేత్తో లేపి రోడ్డెక్కించడంలో ఉన్న సంతోషం నాకు తెలుసు, ఆ మాటలో మెసేజ్ నూటికి నూరుపాళ్ళు నిజం. నాకు పట్టింది ఏడాదిన్నర.

మేనల్లుడికి సరేనన్నాను, సంక్రాంతి సెలవుల్లో రమ్మన్నాను. ముందు అయస్కాంతం, టార్చిలైటు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతాడు. మిగతావాళ్ళకి కూడా చెబుతున్నాను: నా దగ్గర రెండు టన్నుల జాకీ స్టాండ్లు జత ఉంది. ఆదివారం కావాలంటే శనివారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి, డబ్బులొద్దు. ఆ ఇటుకలు మాత్రం గోడకి వాడుకోండి.