బేస్ గిటార్‌కు చోటిస్తేనే బ్యాండ్ సౌండ్ మారుతుంది

విజయవాడ, గుంటూరు కాలేజీ ఫెస్టుల్లో పేరు తెచ్చుకున్న రాక్ బ్యాండ్ సొంత ఆల్బమ్‌కు దిగి, ‘ఈసారి మన సౌండ్ మారాలి’ అనుకోగానే మొదట కొనేది కొత్త డిస్టార్షన్ పెడల్ (గిటార్ సౌండ్‌ను గరగరగా మార్చే పెట్టె). డబ్బు దండగ. సౌండ్ మారేది పెడల్‌తో కాదు, ఏ వాద్యం ఎంత చోటు ఆక్రమిస్తోందన్న లెక్కతో. అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్‌లు మూడింటిని వరసగా వింటే ఇది తేటతెల్లమవుతుంది.

1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో 9 పాటలు, 65 నిమిషాలు. మెరుపు వేగం, మెలికలు తిరిగే రిఫ్‌లు (పదేపదే వచ్చే గిటార్ వరసలు). కానీ జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ దాదాపు వినపడదు. అది చాలావరకు గిటార్ రిఫ్‌నే అనుసరించింది, పైగా మిక్సింగ్‌లో బాగా తగ్గించేశారు. 1991లో వచ్చిన బ్లాక్ ఆల్బమ్‌కు అదే నలుగురు, లాస్ ఏంజెలిస్‌లో అదే వన్ ఆన్ వన్ స్టూడియో. ఈసారి నిర్మాత బాబ్ రాక్. అందరినీ ఒకేచోట కలిపి వాయించమన్నాడు. పాటలు పొట్టివయ్యాయి, వేగం తగ్గింది, బేస్‌కు సొంత నడక వచ్చింది. బ్లాక్ ఆల్బమ్‌ అంత బరువుగా వినిపించడానికి కారణం ఇదే.

వేగానికీ బరువుకీ సంబంధం ఏమిటి? బేస్ గిటార్‌లో అన్నిటికంటే మంద్రమైన ఇ తీగ సెకనుకు 41 సార్లు (41 హెర్ట్జ్) కంపిస్తుంది. నిమిషానికి 190 బీట్ల వేగంలో, బీటులో నాలుగో వంతు స్వరం 79 మిల్లీసెకన్లే ఉంటుంది. అంటే మూడు కంపనాలు దాటగానే ఆగిపోతుంది, చెవికి శ్రుతి అందదు, టకటక మాత్రమే మిగులుతుంది. 123 బీట్ల దగ్గర అదే స్వరానికి అయిదు కంపనాలు దక్కుతాయి.

మార్పు ప్రతిసారీ మేలు చేయదు. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’కీ నిర్మాత బాబ్ రాకే, బేస్ వాయించిందీ ఆయనే. గిటార్ సోలోలు తీసేశారు, స్నేర్ డ్రమ్ అడుగు తీగలు వదులు చేశారు. దాంతో ప్రతి దెబ్బా ఒకే శ్రుతిలో ఖంగుమంటూ 75 నిమిషాలూ అన్నిటినీ కప్పేసింది. సాహసమే, కాదనలేం. కానీ ఒక్క వాద్యం మిగతావాళ్ల చోటంతా మింగేసింది.

తెలుగులో పాడేవారికి వేగం సంగతి మరీ ముఖ్యం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. తెగ్గొట్టినట్టుండే రిఫ్ మీద చివరి అచ్చు వేలాడుతుంది. హ్రస్వాన్ని సాగదీస్తే దీర్ఘమై అర్థం మారుతుంది, వేగం పెరిగితే ఒత్తులు మింగేస్తాం. 10, 15 బీట్లు తగ్గించి చూడండి, సాహిత్యం వినిపిస్తుంది.

బరువు కోసం గిటార్‌ను డి స్టాండర్డ్‌కు (అన్ని తీగలనూ మామూలు శ్రుతికన్నా ఒక స్వరం కిందికి) దించితే 9–42 తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ, లావు తీగ మందాలు) వదులై ఫ్రెట్‌లకు తగిలి జరజరమంటాయి, గట్టిగా మీటితే శ్రుతి పైకి జారుతుంది. 11–49 వేయండి. లావు తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటుంటే గాడి సరిచేయించాలి. ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ) ఒకసారికి పావు చుట్టే తిప్పి, మర్నాడు చూసి, ఆపైన 12వ ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉందా అన్నది) సరిచూడాలి. మే నెలలో ఏసీ లేని రిహార్సల్ గది నుంచి ఏసీ స్టూడియోలోకి తేగానే తీగలు బిగిసి శ్రుతి పెరుగుతుంది. అరగంట గదిలో ఉంచాకే ట్యూన్ చేయాలి, ప్రతి టేక్‌కూ ముందు మళ్లీ చూడాలి.

మిక్సింగ్‌లో గిటార్‌లకు 80–100 హెర్ట్జ్ కింద కోత పెట్టండి, ఆ చోటు బేస్‌ది, కిక్ డ్రమ్‌ది. రెండు గిటార్ టేక్‌లు కుడి ఎడమలకు వేస్తే గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) తగ్గించాలి, లేకపోతే తీగ మీటినప్పటి పదునంతా కలిసి ముద్దవుతుంది. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు. అందుకే బేస్‌కు కాస్త డిస్టార్షన్ కలిపి 700 హెర్ట్జ్ నుంచి పైభాగం తెలిసేలా చేయాలి.

స్టూడియో గంటలు మాట్లాడుకునే ముందు రిహార్సల్‌లో గిటార్‌లు ఆపేసి డ్రమ్స్, బేస్, గొంతుతో పాట మొత్తం వాయించండి. ఎక్కడ డొల్లగా వినిపించిందో అక్కడ బేస్ వరసను మళ్లీ రాయాలి. గిటార్ దాని తర్వాతే.