ఆ ఐదో మాటను తీసేసి పంపండి

వారం రోజులుగా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లోని మిత్రులు నాకు ఒకే వాట్సాప్ సందేశాన్ని పంపుతున్నారు. నిన్నటితో అది ఏడోసారి. క్షిపణి సాంకేతికత ఎగుమతులపై ఉన్న ఎంటీసీఆర్ నియంత్రణ ఒక అంతర్జాతీయ చట్టమట. భారతదేశాన్ని అణచడానికే దాన్ని పుట్టించారట. దానివల్ల ఆగినవారు ఎవరూ లేరట. 2016లో మనం సభ్యులమయ్యాం కనుక ఇక ఎవరికి ఏదైనా అమ్ముకోవచ్చట. చిన్న వర్క్‌షాపులకైతే ఈ నిబంధనలతో పనే లేదట.

మొదటి మాట నిలవదు. అది చట్టమూ కాదు, ఒప్పందమూ కాదు. 1987 ఏప్రిల్‌లో ఏడు దేశాలు కుదుర్చుకున్న అవగాహన మాత్రమే. ప్రతి సభ్యదేశమూ దాన్ని తన సొంత చట్టాల ద్వారానే అమలు చేసుకుంటుంది.

రెండో మాట విషయంలో తేదీలు చూసుకోవాలి. ఆ అవగాహన కుదిరిన రెండేళ్లకు గాని, 1989 మే నెలలో, మన అగ్ని క్షిపణి తొలిసారి ఎగరలేదు. అయితే ఇక్కడ సందేశం రాసినవారి కోపంలో న్యాయముందని ఒప్పుకోవాలి. అంతరిక్ష కార్యక్రమాలకు అడ్డుపడటం తమ ఉద్దేశం కాదని ఎంటీసీఆర్ మార్గదర్శకాల్లోనే రాసుకున్న తరువాత, 1992లో అమెరికా, రష్యాతో మనం చేసుకున్న క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్ల ఒప్పందాన్ని సాకుగా తీసుకుని ఇస్రోపైనా, రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌పైనా ఆంక్షలు విధించింది. మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన ద్రవ హైడ్రోజన్‌ను ప్రయోగానికి ముందు నింపుకునే ఇంజన్, నిమిషాల్లో సిద్ధం కావలసిన క్షిపణికి పనికిరాదని అప్పుడూ తెలుసు. మరుసటి ఏడాది రష్యా సాంకేతికతను ఇవ్వకుండా ఇంజన్లను మాత్రమే ఇస్తానన్నది. మన సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ విజయవంతం కావడానికి 2014 జనవరి దాకా పట్టింది. ఆ అన్యాయం జరిగింది, దాన్ని నేను కాదనను.

మూడో మాట సగమే నిజం. పాకిస్తాన్ 1998లో ఎగరవేసిన ఘౌరీ క్షిపణికి ఉత్తర కొరియా క్షిపణి నోడాంగ్ ఆధారమైంది, దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. కాని రష్యాతో కలిసి మనం తయారుచేసిన బ్రహ్మోస్ క్షిపణి పరిధి మొదట్లో 290 కిలోమీటర్లే ఎందుకుందో ఆ సందేశం రాసినవారు ఆలోచించారా? 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోసుకెళ్లగల వ్యవస్థను బయటి దేశానికి ఇవ్వకూడదన్న నియమానికి 1995లో సభ్యురాలైన రష్యా కట్టుబడింది కాబట్టి. 2016 జూన్ 27న మనం 35వ సభ్యులమయ్యాకనే ఆ పరిధి పెరిగింది.

అదే తేదీని పట్టుకుని నాలుగో మాట పుట్టింది. సభ్యత్వం అమ్మకానికి అనుమతి కాదు, అమ్మేముందు ఆలోచించే బాధ్యత.

ఇక ఐదో మాట. దీని గురించే ఇదంతా రాయవలసి వచ్చింది. ‘ఇన్వాయిస్‌లో ఇండస్ట్రియల్ స్పేర్స్ అని రాస్తే చాలు’ అని ఆ సందేశం సలహా కూడా ఇస్తోంది. కొన్నేళ్ల కిందట మా షెడ్డుకు ఒక మధ్యవర్తి ద్వారా డ్రాయింగ్ వచ్చింది. ఫర్నేస్ విడిభాగమని చెప్పారు. కాగితం మీద ఉన్నది డమరుకంలా నడుమ సన్నబడి, ఒక వైపు గంటలా విచ్చుకున్న గ్రాఫైట్ ముక్క. మూలన సాంద్రత 1.8 అని రాసి ఉంది. ఏ ఫర్నేస్‌కు ఆ ఆకారం కావాలి? నియంత్రిత జాబితాలో కనీసం 1.72 సాంద్రత, 100 మైక్రాన్లు లేదా అంతకు తక్కువ రేణువు గల గ్రాఫైట్‌ను రాకెట్ నాజిల్‌కు, అంటే మండిన వాయువులు వెలువడే మూతికి, పనికొచ్చే పదార్థంగా పేర్కొన్నారు. అసలు వాడేదెవరో రాసిచ్చే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అడిగాను. మళ్లీ ఫోన్ రాలేదు.

మన దేశంలో ఈ జాబితా పేరు స్కోమెట్. వీటిలో చాలావాటికి అనుమతి ఇచ్చేది కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, డీజీఎఫ్‌టీ. అది షెడ్డు ఎంత చిన్నదో చూడదు, వస్తువు ఏమిటో, ఎవరి చేతికి వెళుతుందో చూస్తుంది. వస్తువే కానక్కర్లేదు, దాని డ్రాయింగును ఈమెయిల్‌లో పంపినా ఎగుమతే. సామూహిక విధ్వంస ఆయుధాలను మోసే క్షిపణికి వాడతారని తెలిసి పంపితే, జాబితాలో లేని వస్తువైనా 2005 నాటి సామూహిక విధ్వంస ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. 2003 అక్టోబరులో లిబియాకు వెళుతున్న బీబీసీ చైనా అనే ఓడను ఇటలీలోని టారంటోకు మళ్లించి వెతికితే దొరికిన, యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల భాగాలు మలేసియాలోని ఒక కర్మాగారంలో లేతు మీద తయారైనవే. అవి అణు సామగ్రి అయినా, అక్కడ పనిచేసింది కూడా మన షెడ్లలో ఉన్నలాంటి మనుషులూ యంత్రాలే.

కంచన్‌బాగ్ రక్షణ పరిశోధన ప్రయోగశాలలకు మైక్రాన్ల లెక్కన పని చేసిపెట్టి ఈ ఊరు సంపాదించుకున్న పేరును ఒక తప్పుడు ఇన్వాయిస్ చెరిపేస్తుంది. మొదటి నాలుగు మాటల మీద వాదించుకోవాలనుకుంటే నేను ఎప్పుడైనా సిద్ధమే. ఐదోదాన్ని మాత్రం తీసేశాకే పంపండి; ఇప్పటికే పంపినవారు, ఎవరెవరికి పంపారో వారందరికీ ఫోన్ చేసి అది తప్పని చెప్పండి.