వేలికి 98 చూపిస్తే సరిపోయిందా?

విజయవాడలో బైపీసీ చదివే పిల్లని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆక్సిజన్ 97 శాతం ఎర్ర రక్తకణాల్లో, 3 శాతం ప్లాస్మాలో కరిగి వెళ్తుంది. కార్బన్ డయాక్సైడ్ 70 శాతం బైకార్బనేట్‌గా, 20-25 శాతం హిమోగ్లోబిన్‌తో (ఎర్ర కణాల్లో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ ఇదే), 7 శాతం ప్లాస్మాలో. బిట్టు కనబడగానే టక్కున పెట్టేస్తుంది. అదే పిల్ల హాస్టల్ మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోతుంది. ఆ బిట్టుకీ ఈ ఆయాసానికీ చుట్టరికం ఉందని చెప్పే నాథుడు లేడు. జువాలజీ చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమధ్య ఒక హాస్టల్లో (పేరెందుకు లెండి, ఏ హాస్టలైనా ఒకటే) ఓ అమ్మాయి స్టడీ అవర్‌లో కళ్ళు తిరిగి పడిపోయింది. వార్డెన్ వచ్చి వేలికి ఆక్సీమీటర్ తగిలించి, "98 ఉంది, ఏం లేదు, టిఫిన్ మానేసి వేషాలు" అని తేల్చేసింది. వాళ్ళ నాన్న గుంటూరు తీసుకెళ్ళి రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 (100 మిల్లీలీటర్ల రక్తంలో 8 గ్రాములు, ఉండాల్సింది కనీసం 12). ఆయన నాకు ఫోన్ చేసి, "అదేంటి మేడం గారూ, ఆక్సిజన్ 98 ఉందన్నారుగా!" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఇంటర్ బోటనీ, జువాలజీ రెండూ చెప్పే కాలేజీలో ఎవరికీ రాని ప్రశ్న.

ఆక్సీమీటర్ రెండు రకాల కాంతిని, ఒకటి ఎరుపు, ఒకటి పరారుణం, వేలిలోంచి పంపి, ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ పట్టుకుందో చెబుతుంది. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో దానికి తెలీదు. వచ్చిన ప్రతి గుంటూరు బస్సూ కిటకిటలాడుతూనే ఉంటుంది, కానీ డిపోలోంచి సగం బస్సులే బయటికొస్తే నెహ్రూ బస్టాండులో జనం ఏమైపోతారు? జపాన్‌లో తకువో అయోయాగి 1974లో ప్రకటించిన ఈ పద్ధతి ఆపరేషన్ థియేటర్లలో బాగా పనికొచ్చింది. కరోనాలో ప్రతి ఇంటికీ వచ్చింది, సంతోషం. రక్తహీనతకి మాత్రం అది గుడ్డిది.

లెక్క చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 15 ఉన్నవాళ్ళకి 100 మిల్లీలీటర్ల రక్తంలో 20 మిల్లీలీటర్లు. 8 ఉన్న పిల్లకి పదిన్నర. ఊరికే కూర్చున్నా కణజాలం అందులో 5 తీసేసుకుంటుంది. మొదటివాళ్ళకి ఇంకా 15 నిల్వ, ఈ పిల్లకి ఐదున్నర. మెట్లెక్కితే ఆ లోటంతా గుండె పూడ్చాలి, పరిగెత్తి పరిగెత్తి. ఆ దడని "టెన్షన్" అంటారు మన వార్డెన్లు.

బిట్లలో పడి కొట్టుకుపోయే అసలు అందం ఇంకోటుంది. కార్బన్ డయాక్సైడ్ అంటే చెత్త వాయువు, బయటికి తోసెయ్యాలి, అంతే అని చెబుతాం. కానీ పనిచేసే కండరంలోంచి అది ఎర్ర కణంలోకి వెళ్ళగానే కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీటితో కలిపి కార్బోనిక్ ఆమ్లం చేస్తుంది. అది వెంటనే బైకార్బనేట్, హైడ్రోజన్ అయాన్లుగా విడిపోతుంది. ఆ హైడ్రోజన్ అయాన్ పోయి హిమోగ్లోబిన్‌కి తగులుకుని, ఆక్సిజన్ మీద దాని పట్టు సడలిస్తుంది. అంటే ఏ కండరం ఎక్కువ కష్టపడితే అక్కడే ఎక్కువ ఆక్సిజన్ దిగుతుంది, ఎవరూ ఆర్డరు వెయ్యక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో కథ తిరగబడుతుంది: ఆక్సిజన్ ఎక్కుతుంటే హైడ్రోజన్ దిగిపోయి, బైకార్బనేట్ మళ్ళీ కార్బన్ డయాక్సైడై ఊపిరిలో బయటికి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆక్సిజన్ మీద పట్టు సడలుతుందని 1904లో చెప్పింది క్రిస్టియన్ బోర్ బృందం. (పరమాణు నమూనా ఇచ్చిన నీల్స్ బోర్‌కి నాన్న. ఈ ముక్క చెబితే క్లాసులో ఒక్కసారి తలలెత్తుతారు.) మా దగ్గర ఇది "బోర్ ప్రభావం, వక్రం కుడివైపుకి" అని ఒక లైను (వక్రం అంటే ఆక్సిజన్ ఎంత ఉంటే హిమోగ్లోబిన్ ఎంత పట్టుకుంటుందో చూపే గ్రాఫు గీత). కుడివైపుకి జరిగితే ఏమవుతుందని అడిగితే "ఆన్సర్ సి మేడం" అంటారు.

ఇక తిండి. గోంగూర పచ్చడి తింటే రక్తం పడుతుందని మన గుంటూరోళ్ళ ధీమా. ఆకుకూరల్లో ఇనుముంది, కాదనను, కానీ మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే కాస్త మేలు. అన్నం తినగానే టీ తాగితే ఆ కాస్తా పోయె. ప్రభుత్వ బడుల్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. లక్షలు ఫీజు కట్టే హాస్టల్ పిల్లకి అదీ లేదు. పైగా నెలనెలా పోయే రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. మన హాస్టళ్ళకి ఈ లెక్క వర్తించదనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

అడ్మిషన్లకి వెళ్ళినప్పుడు ఏసీ ఉందా, ఎన్ని ర్యాంకులొచ్చాయి అని అడుగుతారు కదా, ఏడాదికి రెండుసార్లు హిమోగ్లోబిన్ చూస్తారా అని కూడా అడగండి. అలాంటివేం ఉండవండీ అంటారు. దసరాకీ సంక్రాంతికీ పిల్ల ఇంటికొచ్చినప్పుడు మీరే చేయించండి. 12కి తక్కువుంటే డాక్టరుకి చూపించండి, బీట్‌రూట్ రసంతో సరిపెట్టకండి. ఇనుము తక్కువా, కడుపులో పురుగులా, నెలసరి ఎక్కువా, తలసీమియా లాంటి వంశపారంపర్య రక్త జబ్బేమైనా ఉందా, అది ఆయన తేలుస్తాడు. మాత్రలిస్తే విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడి మానిపించకండి. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా చెప్పినన్ని నెలలు వాడాలి.